కోడి పేగులో మంచి బ్యాక్టీరియాను నిలబెట్టడం ఎలా? ప్రీబయాటిక్, ప్రోబయాటిక్ వాడకానికి సమగ్ర మార్గదర్శి

మందుల షాపుకి వెళ్లి "పిల్లలు పలచగా రెట్ట వేస్తున్నాయి, గట్‌కి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే కౌంటర్ మీదికి మూడు నాలుగు రకాల ప్యాకెట్లు వస్తాయి. అన్నిటి మీదా కోడి బొమ్మ, అన్నిటి మీదా ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి పట్టే మేత) తగ్గుతుందన్న హామీ. లోపల ఉన్నది బతికున్న బ్యాక్టీరియానా, ఈస్ట్ గోడ పొడా, ఎంజైమా, లేక విటమిన్ కలిపిన గ్లూకోజా అన్నది మాత్రం వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవడం, మందును మేతలోనో నీళ్లలోనో సరిగ్గా కలపడం, పెట్టిన డబ్బు తిరిగొచ్చిందో లేదో లెక్క తేల్చుకోవడం ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందే ఒక మాట. ఈ పనిలో ప్యాకెట్‌ది ఆఖరి వంతు. నీళ్లు, లిట్టర్ (నేల మీద పరిచే ఊక), మేత, బ్రూడింగ్ (చిన్నపిల్లలకు ఇచ్చే) వేడి సరిగా లేని షెడ్డులో ఎంత ఖరీదైన ప్రోబయాటిక్ పోసినా అది రెట్టతో పాటే బయటికి పోతుంది. కాబట్టి అడుగులు చెప్పిన వరుసలోనే చదవండి.

అడుగు 1: పేగులో ఎవరెక్కడ ఉంటారో తెలుసుకోండి

కోడి తిన్న గింజ ముందు మెడ కింది మేతసంచిలో ఆగుతుంది. అక్కడ ల్యాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా చేరి గింజను కాస్త పులియబెడుతుంది. తర్వాత కందనకాయలో ఆమ్లం కలిసి మేత నలుగుతుంది. అక్కడి పీహెచ్ 2.5 నుంచి 3.5 దాకా ఉంటుంది కాబట్టి మేతతో వచ్చిన చెడ్డ క్రిముల్లో చాలా భాగం అక్కడే చస్తాయి. చిన్నపేగులో పోషకాలు రక్తంలోకి వెళ్తాయి. చిన్నపేగు చివర, పెద్దపేగు మొదలయ్యే చోట రెండు మూసుకుపోయిన గొట్టాలు ఉంటాయి, వాటినే సీకా అంటారు. బ్యాక్టీరియాకి అసలు ఊరు అదే: అందులోని ఒక గ్రాము పదార్థంలో వెయ్యి కోట్ల నుంచి పదివేల కోట్ల దాకా సూక్ష్మజీవులుంటాయి. కోడి అరిగించుకోలేని పీచుని అవి పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. వీటిలో బ్యూటిరేట్ పేగు లోపలి పొరలోని కణాలకు నేరుగా ఆహారం. ఆ పొర గట్టిగా ఉంటే మేత ఒంటికి పడుతుంది.

దాదాపు ఖాళీ పేగుతో గుడ్డు పగలగొట్టుకుని వచ్చే పిల్లకి, పెరట్లో అయితే తల్లికోడి రెట్ట, మట్టి, చెత్త పొడుచుకుంటూ తిరిగినప్పుడు తల్లి పేగులోని బ్యాక్టీరియా మొదటి రోజే అందుతుంది. హ్యాచరీ పిల్లకి తల్లి లేదు. ట్రేలో ఏముంటే అది, పెట్టెలో ఏముంటే అది, మీ షెడ్డు ఊకలో ఏముంటే అది దాని పేగులోకి ముందుగా చేరుతుంది. ఇది ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువాలు విసిరినట్టే. ముందు ఎవరిది పడితే సీటు వారిదే. సాల్మొనెల్లా, ఈ. కోలై లాంటి చెడ్డ బ్యాక్టీరియా ముందు చేరితే తర్వాత వచ్చే మంచివాటికి నిలబడే చోటు దొరకదు.

ఈ సంగతిని ప్రయోగంతో చూపించినవాళ్లు ఫిన్‌లాండ్ శాస్త్రవేత్తలు నూర్మి, రాంటాలా. 1971లో ఆ దేశపు బ్రాయిలర్లలో సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్ బాగా వ్యాపించింది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టించి, తర్వాత సాల్మొనెల్లా ఇస్తే, పట్టించని పిల్లలతో పోలిస్తే వీటిలో అది చాలా తక్కువగా నిలిచింది. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నేటి పౌల్ట్రీ ప్రోబయాటిక్ వ్యాపారమంతా ఒక రకంగా ఆ ప్రయోగానికి కొనసాగింపే. ఇది చదివి పక్క ఫారం నుంచి పాత లిట్టర్ తెచ్చి చల్లేద్దామనుకునేవారు ఉంటారు. వద్దు. మంచి బ్యాక్టీరియాతో పాటు కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి, ఫౌల్ టైఫాయిడ్, గంబోరో జబ్బులు అన్నీ ఆ బస్తాలోనే వస్తాయి.

అడుగు 2: కొనేముందు మూడు రకాలను విడదీసుకోండి

ప్రోబయాటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో కూర్చోబెట్టిన నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనంలో "తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు" అన్న షరతు ఉంది. రైతు పట్టుకోవలసిన మాట అదే. అడుగు 5లో ఆ లెక్క వేద్దాం.

ప్రీబయాటిక్‌లో ప్రాణం ఉండదు. అది కోడి అరిగించుకోలేని, మంచి బ్యాక్టీరియా తినగల పదార్థం. చికోరీ దుంప నుంచి తీసే ఇన్యులిన్, ఫ్రక్టో ఆలిగోశాకరైడ్ (ఎఫ్‌ఓఎస్), పీచు నుంచి వచ్చే జైలో ఆలిగోశాకరైడ్ (ఎక్స్‌ఓఎస్) ఈ కోవలోవి. ఈస్ట్ కణం గోడ నుంచి తీసే మన్నన్ ఆలిగోశాకరైడ్‌ని, అంటే ఎంఓఎస్‌ని, కూడా ఇందులోనే వేస్తారు గానీ దాని పని వేరు. ఈ. కోలై, సాల్మొనెల్లాలో చాలా రకాలు తమ ఒంటి మీది సన్నని నూగుతో పేగు గోడ మీది మన్నోజ్ చక్కెరను పట్టుకుని అంటుకుంటాయి. పేగులో ఎంఓఎస్ తేలుతూ ఉంటే అవి గోడకు బదులు దాన్ని పట్టుకుని రెట్టలో బయటికి పోతాయి. అంటే ఇది మంచివాటికి తిండి పెట్టడం కన్నా చెడ్డవాటిని దారి మళ్లించడమే ఎక్కువ. పేగును కుళ్లబెట్టే క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా మీద మాత్రం ఎంఓఎస్‌కి ఈ పట్టు పనిచేయదు, దానికి ఆ రకం నూగు లేదు. షాపులో ఈ తేడా ఎవరూ చెప్పరు.

మూడోది సిన్‌బయాటిక్: రెండూ కలిపిన ప్యాకెట్. ఆలోచన మంచిదే. కొన్నింటిలో మాత్రం రెండూ పేరుకి చిటికెడు చిటికెడు వేసి ఉంటాయి, ఏ ఒక్కటీ పనిచేసే మోతాదులో ఉండదు.

బ్యాక్టీరియాల్లోనూ రెండు జాతుల తేడా తెలియాలి. ల్యాక్టోబాసిల్లస్, పీడియోకాకస్, ఎంటరోకాకస్ లాంటివి లాక్టిక్ ఆమ్లం చేసేవి. సున్నితమైనవి, వేడికి చస్తాయి. బాసిల్లస్ సబ్‌టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ లాంటివి స్పోర్ కడతాయి, అంటే గట్టి గుల్లలో నిద్రపోతాయి. మేతను గుళికలుగా చేసే పెల్లెట్ మిల్లులో అది 75 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ ఆవిరికి గురవుతుంది. ఆ వేడిని స్పోర్లు తట్టుకుంటాయి, మొదటి రకం తట్టుకోలేదు. కాబట్టి పెల్లెట్, క్రంబుల్ (నలగ్గొట్టిన పెల్లెట్) మేతలోకి బాసిల్లస్ రకం. నీళ్లలో ఇవ్వడానికి, మాష్ (పొడి) మేతలోకి లాక్టిక్ రకమైనా పర్వాలేదు. లేబుల్ మీద ఏ జాతి అన్నది రాయకుండా "మంచి బ్యాక్టీరియా మిశ్రమం" అని మాత్రమే ఉంటే ఆ ప్యాకెట్‌ని కౌంటర్ మీదే వదిలేయండి.

అడుగు 3: నీళ్లు, లిట్టర్, బ్రూడింగ్

నీళ్ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బోరు నీళ్లలో బ్లీచింగ్ కలపడం మంచి అలవాటే. డ్రింకర్ చివర 2 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) క్లోరిన్ ఉండాలని చెప్పేది క్రిములు చావడానికే. అదే ట్యాంకులో ప్రోబయాటిక్ కలిపితే? క్లోరిన్‌కి మంచీ చెడూ తెలియదు. ప్రోబయాటిక్ ఇచ్చే రోజు బ్లీచింగ్ కలపని నీళ్లు వాడాలి. అలాంటి నీళ్లు లేకపోతే టీకా వేసేటప్పుడు చేసినట్టే లీటరుకు రెండున్నర గ్రాముల చొప్పున వెన్న తీసిన పాలపొడి ముందుగా కలిపి, 20 నిమిషాలు ఆగి, తర్వాత మందు వేయాలి. మైలతుత్తం కలిపిన నీళ్లకూ ఇదే జాగ్రత్త, రాగి కూడా బ్యాక్టీరియాను చంపుతుంది.

పైపుల లోపల వేలు పెట్టి చూడండి. జిగురుగా జారితే అది బ్యాక్టీరియా పొర. గ్లూకోజ్, విటమిన్లు, లివర్ టానిక్‌లు పైపుల్లో పోసి కడగని షెడ్లలో ఇది మందంగా పేరుకుంటుంది. ప్రతి బ్యాచ్‌కీ మధ్య హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆధారిత క్లీనర్‌ని లేబుల్ మీది మోతాదులో పైపుల్లో నింపి, చెప్పినంతసేపు ఉంచి, ధారగా వదిలి కడగండి. ఈ పని చేశాక చాలామందికి ప్యాకెట్ అవసరమే పడదు.

లిట్టర్: వడ్ల ఊక పొడిగా, గుప్పిట్లో పిసికి వదిలితే విడిపోయేలా ఉండాలి. తేమ 20 నుంచి 25 శాతం మధ్య ఉంటే సరి. అంతకు మించితే క్లాస్ట్రీడియం, కాక్సీడియా ఊకలో పెరుగుతాయి, పిల్ల పొడుచుకున్న ప్రతిసారీ కడుపులోకి వెళ్తాయి. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ కింద తడి మచ్చ కనబడితే ముందు నిపుల్ ఎత్తు, నీళ్ల ఒత్తిడి సరిచేయండి.

బ్రూడింగ్‌లో మొదటి వారం బ్రూడర్ కింద సుమారు 95 డిగ్రీల ఫారెన్‌హీట్, తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గింపు. ఇది అందరికీ తెలిసిందే. చలికి ముడుచుకున్న పిల్ల మేతకు వెళ్లదు, మేత పడని పేగు ఎదగదు. దించిన రాత్రి కొన్ని పిల్లల మేతసంచి వేళ్లతో నొక్కి చూడండి: మెత్తగా, మేతా నీళ్లూ కలిసిన ముద్దలా ఉండాలి. గట్టిగా ఉంటే నీళ్లు దొరకలేదని, ఖాళీగా ఉంటే రెండూ దొరకలేదని అర్థం. తెల్లారేసరికి నూటికి 95 పిల్లలకు మేతసంచి నిండి ఉండాలి. ఏడో రోజు పిల్ల బరువు మొదటి రోజు బరువుకి నాలుగు నుంచి నాలుగున్నర రెట్లు ఉందా లేదా అన్నది ఈ మొదటి వారం ఎలా గడిచిందో చెప్పే కొలత.

అడుగు 4: మేతలోనే ఉన్న ప్రీబయాటిక్‌ని వాడుకోండి

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కోడి పేగులోనూ కొద్దిగా ఉంటుంది. దానికి రెండు అవకాశాలు కలిసొస్తే పేగు గోడను కుళ్లబెట్టే నెక్రోటిక్ ఎంటరైటిస్‌గా మారుతుంది: కాక్సీడియా గోడను గాయపరచడం ఒకటి, అరగని ప్రోటీన్ కిందికి జారడం రెండోది. సరిగా ఉడకని సోయా చెక్క, ఎక్కువ పాళ్లలో ఎండుచేప పొడి, అవసరానికి మించిన ప్రోటీన్ శాతం ఈ రెండో అవకాశాన్ని ఇస్తాయి. ఎండుచేప పొడితో సాల్మొనెల్లా కూడా ఉచితంగా వస్తుంది.

మొక్కజొన్న తేమ 13 శాతం దాటితే నిల్వలో బూజు పడుతుంది. వానల్లో కోసిన మొక్కజొన్నని చౌకగా దొరికిందని దించుకుంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కార్జాన్ని దెబ్బతీస్తుంది, పేగు పొరను పలచబరుస్తుంది. వేరుశనగ చెక్కతోనూ ఇదే భయం. బూజు పట్టిన మేతకు ప్రోబయాటిక్ విరుగుడు కాదు.

మన దగ్గర లేయర్ (గుడ్ల కోళ్ల) మేతల్లో తవుడు, నూనె తీసిన తవుడు బాగా పడతాయి. వాటిలోని అరబినోజైలాన్ అనే పీచు కోడికి అరగదు. ఎక్కువైతే పేగులో జిగటగా మారి రెట్ట అంటుకునేలా వస్తుంది. గోధుమ నూకలో ఇది ఇంకా ఎక్కువ. మేతలో జైలనేజ్ ఎంజైమ్ కలిపితే ఆ పీచు చిన్న ముక్కలుగా తెగుతుంది. ఆ ముక్కలే ఎక్స్‌ఓఎస్. అంటే విడిగా కొంటే ఖరీదైన ప్రీబయాటిక్ మీ తవుడు నుంచే, కోడి కడుపులోనే తయారవుతుంది. తవుడు, గోధుమ ఎక్కువగా వాడే రైతు ప్రీబయాటిక్ ప్యాకెట్ కన్నా ముందు కొనాల్సింది మంచి జైలనేజ్ అని నా అభిప్రాయం. మొక్కజొన్న, సోయా మాత్రమే ఉన్న బ్రాయిలర్ మేతలో ఈ లాభం తక్కువ.

మేతను మరీ పిండిలా ఆడించకండి. కాస్త గరుకు ఉంటే కందనకాయకు పని దొరుకుతుంది, అది బలపడి మేతను ఎక్కువసేపు ఆమ్లంలో ఉంచుతుంది. పిండి మేత తిన్న కోడి కందనకాయ కోసి చూస్తే పలచగా, సంచిలా ఉంటుంది. ఉప్పు, సోడాబైకార్బ్ కలిపి లెక్కేసుకోండి. సోడియం ఎక్కువైతే కోడి నీళ్లు ఎక్కువ తాగి లిట్టర్ తడిపేస్తుంది, దాన్ని పేగు జబ్బు అనుకుని మందులు పోస్తారు.

అడుగు 5: లేబుల్ చదివి మోతాదు లెక్కేయండి

ప్రోబయాటిక్ బలాన్ని సీఎఫ్‌యూలో చెబుతారు, అంటే బతికి పెరగగల బ్యాక్టీరియా సంఖ్య. బాసిల్లస్ రకాలకు గ్రాము మేతలో లక్ష నుంచి 10 లక్షల దాకా పడాలన్నది వాడుకలో ఉన్న పరిధి.

ఒక ప్యాకెట్ మీద "గ్రాముకి 200 కోట్ల సీఎఫ్‌యూ, టన్ను మేతకు 500 గ్రాములు" అని ఉందనుకోండి. 500 గ్రాముల్లో మొత్తం లక్ష కోట్లు. టన్ను అంటే 10 లక్షల గ్రాములు. లక్ష కోట్లను 10 లక్షలతో భాగిస్తే గ్రాము మేతకు 10 లక్షలు. సరిపోతుంది. ఇంకో ప్యాకెట్ మీద "గ్రాముకి 10 కోట్లు, టన్నుకి 100 గ్రాములు" అని ఉంటే మొత్తం వెయ్యి కోట్లు, గ్రాము మేతకు 10 వేలే. ధర సగం ఉన్నా బ్యాక్టీరియా వందో వంతే కదా! టన్నుకి పడే ఖర్చుని గ్రాము మేతకు పడే సంఖ్యతో కలిపి చూసినప్పుడే ఏది చౌకో తెలుస్తుంది.

తయారీ తేదీ, గడువు తేదీ, నిల్వ ఉష్ణోగ్రత కూడా చూడండి. లేబుల్ మీది సంఖ్య తయారైన రోజుదా, గడువు చివరి రోజుకి హామీ ఇచ్చినదా అని డీలర్‌ని అడగండి. మే నెలలో రామగుండం, కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల షెడ్డులో మేత బస్తాల మీద పడేసిన లాక్టిక్ రకం ప్యాకెట్ వారం తిరిగేసరికి ఉత్త పొడి. ఇంట్లో చల్లటి గదిలో, ఎండ పడని చోట ఉంచండి, తెరిచిన ప్యాకెట్‌ని గట్టిగా కట్టి త్వరగా వాడేయండి.

ఎంఓఎస్ ఉత్పత్తులకు టన్నుకి అర కిలో నుంచి 2 కిలోల దాకా వాడుక. స్టార్టర్ (చిన్నపిల్లల) మేతలో ఎక్కువ, ఫినిషర్ (అమ్మే ముందు దశ) మేతకి వచ్చేసరికి తక్కువ. ఎఫ్‌ఓఎస్, ఇన్యులిన్ లాంటివి ఎక్కువ వేస్తే మేలు పెరగదు సరికదా, వేగంగా పులిసి రెట్ట పలచబడుతుంది. లేబుల్ దాటి పోవద్దు.

అడుగు 6: కలపడం, ఇవ్వడం

మేతలో కలిపేటప్పుడు అర కిలో పొడిని టన్ను మేతలో నేరుగా పోస్తే ఒక మూల కోళ్లకు అంతా, ఇంకో మూల వాటికి ఏమీ లేకుండా పోతుంది. అర కిలోను ముందు 5 కిలోల మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలపండి. దాన్ని 50 కిలోల పిండిలో మళ్లీ కలపండి. అప్పుడు మిక్సర్‌లో, సగం మేత పడ్డాక వేయండి. రాగి, జింక్ లాంటి ఖనిజ లవణాల ప్రీమిక్స్‌తో పొడి పొడిగా కలిపి నిల్వ పెట్టకండి, ఆ రసాయనాల పక్కన బ్యాక్టీరియా ఎక్కువకాలం బతకదు. ఆ రెంటినీ వేర్వేరుగా మేతలో వేస్తే చాలు.

నీళ్లలో ఇచ్చేటప్పుడు నిన్న కోళ్లు ఎంత తాగాయో చూసుకోండి. మామూలు వాతావరణంలో తిన్న మేత బరువుకి దాదాపు రెండింతలు నీళ్లు తాగుతాయి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆ రోజు నీళ్లలో నాలుగో వంతు తీసుకుని, పైన చెప్పినట్టు క్లోరిన్ లేకుండా చేసి, మందు కలిపి, పొద్దున చల్లటి వేళ రెండు మూడు గంటల్లో తాగేలా ఇవ్వండి. చలికాలంలో అయితే గంటసేపు నీళ్లు ఆపి ఇవ్వొచ్చు. ఎండాకాలం నీళ్లు ఆపొద్దు. మిగిలింది సాయంత్రానికి ఉంచకుండా పారబోసి, పైపుల్లో మంచినీళ్లు వదలండి.

ఎప్పుడు ఇవ్వాలి? ప్రభావం ఎక్కువగా కనబడే రోజులు ఇవి:

పిల్లలు దిగిన మొదటి మూడు నుంచి ఏడు రోజులు. ముందు చేరినదానికే చోటు దక్కుతుందన్న లెక్క ఇక్కడే.

స్టార్టర్ నుంచి గ్రోయర్‌కి, గ్రోయర్ నుంచి ఫినిషర్‌కి మేత మారే రెండు మూడు రోజులు.

యాంటీబయాటిక్ కోర్సు అయిపోయిన మర్నాటి నుంచి మూడు నుంచి ఐదు రోజులు. కోర్సు నడుస్తుండగా నీళ్లలో ప్రోబయాటిక్ పోయడం డబ్బు పారబోయడమే. మొనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి కాక్సీడియా మందులు మేతలో ఉంటే, వాటితో పొసిగే రకమేనా అని అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. ఆ మందులు కొన్ని మంచి బ్యాక్టీరియాను కూడా అణుస్తాయి.

లేయర్ రైతుకి లెక్క వేరు. బ్రాయిలర్ ఆరు వారాల్లో పోతుంది, లేయర్ 72 వారాలు దాటి ఉంటుంది. కోడి రోజుకి 110 గ్రాములు తింటే పదివేల కోళ్లకు రోజుకి 1.1 టన్నుల మేత. ప్రతి రోజూ ప్రతి టన్నులో ఏదో ఒకటి కలుపుతూ పోతే గుడ్డు ధర పడిపోయిన నెలల్లో అది భారమవుతుంది. పిల్లల దశ, గ్రోయర్ షెడ్డు నుంచి కేజ్‌కి మార్చే వారం, గుడ్లు మొదలయ్యే రోజులు, వడగాడ్పులు, మోల్టింగ్ (పాత ఈకలు రాల్చడం) తర్వాత మేత మళ్లీ పెంచే సమయం: ఈ చోట్ల వాడి, మిగతా కాలం నీళ్ల శుభ్రత, మేత నాణ్యత మీద ఖర్చు పెట్టడం మేలు.

అడుగు 7: పెరటి కోళ్లకు

వనరాజా, గ్రామప్రియ, నాటుకోళ్లు ఓ ఇరవై ముప్ఫై ఉన్న ఇంటికి ప్యాకెట్ అక్కర్లేదు. పుల్లటి మజ్జిగను నీళ్లతో పలచగా చేసి తవుడులో ముద్దలా కలిపి పొద్దున పెట్టొచ్చు. మజ్జిగలోని బ్యాక్టీరియా కోడి పేగులో స్థిరపడే రకం కాకపోవచ్చు. కానీ అందులోని లాక్టిక్ ఆమ్లం మేతసంచిలో పనిచేస్తుంది, పాల చక్కెర లాక్టోజ్ ఇంకో పని చేస్తుంది. కోడికి లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ లేదు. అది అరగకుండా సీకా దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకి మేత అవుతుంది. అందుకే కొద్దిగా ఇస్తే ప్రీబయాటిక్, ఎక్కువిస్తే పారుడు. ఎండాకాలం ఆ ముద్దని రెండు గంటలు దాటి ఉంచకండి.

నూకలు, తవుడు, పగలగొట్టిన మొక్కజొన్న కలిపి, మునిగేటట్టు నీళ్లు పోసి, కిందటిసారి పులిసిన నీళ్లు ఒక గ్లాసు కలిపి, మూత వదులుగా పెట్టి ఒకటి రెండు రోజులు పులియబెట్టినా మంచిదే. గింజ నీళ్లలో మునిగే ఉండాలి. పుల్లటి కమ్మని వాసన వస్తే పెట్టండి. పైన నల్లగా, పచ్చగా బూజు కనబడితే పైపైన తీసేసి పెట్టడం కాదు, మొత్తం పారేయాలి. వెల్లుల్లి, ఉల్లిలో ఇన్యులిన్ జాతి పీచు ఉన్నమాట నిజమే. వెల్లుల్లి కొద్దిగా నలిపి వేయొచ్చు, ఉల్లిపాయ మాత్రం గంపలకొద్దీ పెట్టొద్దు, ఎక్కువైతే రక్తహీనత తెస్తుంది.

అడుగు 8: రెట్ట చదవండి

తెల్లవారుజామున లిట్టర్ మీద పాత పేపర్లు నాలుగు చోట్ల పరిచి, గంట తర్వాత చూడండి. ఆకారం నిలిచి, పైన తెల్లటి టోపీ ఉన్న రెట్ట మంచిది. మధ్యమధ్యలో ముదురు గోధుమ రంగులో, జిగటగా, నురగగా, ఘాటు వాసనతో ఒక రెట్ట కనబడుతుంది. అది సీకా ఖాళీ అయినప్పుడు వచ్చేది, జబ్బు కాదు. దాన్ని చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. అరగని మొక్కజొన్న ముక్కలు, నారింజ రంగు జిగురు, చుట్టూ నీటి మచ్చ కనబడుతుంటే పేగు ఇబ్బందిలో ఉంది. రక్తం కనబడితే కాక్సీడియా అనుమానం, ఒక్కసారిగా మరణాలు పెరిగితే నెక్రోటిక్ ఎంటరైటిస్ అనుమానం. అప్పుడు ప్రోబయాటిక్ కోసం షాపుకి కాదు, చచ్చిన కోళ్లను తీసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. జబ్బు పడ్డ మందకి ప్రోబయాటిక్ చికిత్స కాదు.

యాంటీబయాటిక్ అవసరమైనప్పుడు డాక్టర్ రాసింది, రాసినన్ని రోజులే వాడండి. పెరుగుదల కోసం రోజూ మేతలో వేసే యాంటీబయాటిక్‌లను స్వీడన్ 1986లోనే ఆపేసింది, యూరప్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించింది. మన దేశంలో 2019 జులైలో కొలిస్టిన్‌ని పశువులకు, కోళ్లకు, వాటి మేతకు వాడకుండా కేంద్రం నిషేధించింది. మనుషులకి చివరి దశలో వాడే మందు అది. పాత స్టాకు ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి.

అడుగు 9: డబ్బు లెక్క

5,000 బ్రాయిలర్లు, సగటు బరువు 2.2 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.60 అనుకుందాం. కోడికి సుమారు 3.5 కిలోల మేత, మొత్తం 17.5 టన్నులు. ప్రోబయాటిక్ ఖర్చు టన్నుకి 500 రూపాయలైతే బ్యాచ్‌కి 8,750. ఎఫ్‌సీఆర్ 0.03 తగ్గితే కోడికి 66 గ్రాముల మేత మిగులుతుంది, మొత్తం 330 కిలోలు. కిలో మేత 40 రూపాయల చొప్పున 13,200. మిగులు 4,450. ఎఫ్‌సీఆర్ 0.02 మాత్రమే తగ్గితే 8,800 వస్తుంది, అంటే పెట్టింది తిరిగొచ్చినట్టే. మీ ధరలు వేసుకుని ఈ లెక్క కొనకముందే చేయండి, ఎంత తగ్గితే గిట్టుబాటో ముందే తెలుస్తుంది.

ఇంత సన్నటి తేడా కంటికి కనబడదు. షెడ్డుని మధ్యలో మెష్‌తో రెండుగా విడగొట్టి, ఒకే హ్యాచరీ, ఒకే రోజు పిల్లల్ని రెండు వైపులా సమానంగా దించి, ఒక వైపే మందు ఇవ్వండి. మేత బస్తాలు విడివిడిగా లెక్కపెట్టండి. 7, 14, 21, 35 రోజులకు ఒక్కో వైపు నుంచి కనీసం 50 పిల్లల్ని ఏరకుండా, మూలకి తోలి దొరికినవన్నీ తూకం వేయండి. చేతికందిన బలమైన పిల్లల్నే పట్టుకుంటే తూకం అబద్ధం చెబుతుంది. తర్వాతి బ్యాచ్‌లో వైపులు మార్చండి, ఎందుకంటే చాలా షెడ్లలో గాలి వచ్చే వైపు పిల్లలు మందు లేకుండానే బాగా పెరుగుతాయి. శుభ్రంగా, తక్కువ సాంద్రతతో నడిచే షెడ్డులో తేడా ఏమీ రాకపోవడం మామూలే, ప్రోబయాటిక్‌లు పనిచేసేది ఎక్కువగా ఒత్తిడిలో ఉన్న మందలోనే.

కంపెనీతో ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ ఇచ్చిన పిల్లలూ మేతతో కూలీకి, పెంచేవాళ్లకి మేత మీద చేయి ఉండదు, కంపెనీ పంపిన మేతలో ఏం ఉందో సూపర్‌వైజర్‌ని అడిగి రాసుకోవాలి. అందులో ఇప్పటికే బాసిల్లస్ ఉంటే సొంత డబ్బుతో ఇంకోటి కొనడం అనవసరం. పైపులు కడగడం, ఊక పొడిగా ఉంచడం, మొదటి రాత్రి మేతసంచి చూడడం మీ చేతిలోనివి. కంపెనీ ఒప్పుకుంటే మొదటి వారం నీళ్లలో ఇచ్చేదొక్కటీ సొంతంగా పెట్టుకోవచ్చు, దాని ఖర్చు పెంపకం కూలీతో పోల్చి చూసుకోండి.